ఉల్కకు మూడు ఫోటోలు

మా ఆఫీసులో ఒక పని జరిగిందా లేదా అని ఎవరూ అడగరు. దానికి మూడు ఫోటోలున్నాయా అని అడుగుతారు. పనికి ముందు ఒకటి, పని జరుగుతుండగా ఒకటి, పని పూర్తయ్యాక ఒకటి. మూడింట్లోనూ ఒక ఉద్యోగి మొహం, ఒక లబ్ధిదారు మొహం స్పష్టంగా కనబడాలి. వాటిని ‘నిరూపణ’ అనే యాప్‌లో ఎక్కించాలి. ఎక్కితే పని అయినట్టు. ఎక్కలేదనుకోండి, మీరు నిజంగా బావి తవ్వి, నీళ్ళు పడి, ఊరంతా తాగుతున్నా సరే, ఆ బావి లేనట్టే.

నేను గుమ్మలపాడు సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. పేరు యర్రా సింహాద్రప్పడు. ఎక్కించేవాణ్ణి నేనే. మొక్కలు నాటినా నేనే, దోమల మందు కొట్టినా నేనే. మొన్నామధ్య ఒక పెద్దమనిషి పోతే ఆఫీసులో రెండు నిమిషాలు మౌనం పాటించాం. మౌనానికి ముందు, మౌనం జరుగుతుండగా, మౌనం పూర్తయ్యాక. రెండో ఫోటోని యాప్ తిప్పికొట్టింది. “కళ్ళు మూసుకుని ఉన్నారు. మళ్ళీ తీయండి” అంది. మళ్ళీ నిలబడ్డాం, ఈసారి కళ్ళు గుడ్లప్పగించి. ఆయన ఆత్మకి శాంతి కలిగిందో లేదో గానీ ఫోటో మాత్రం ఎక్కింది.

ఇన్ని దిక్కుమాలిన ఫోటోలు తీసేవాడికి ఒక మంచి ఫోటో తీయాలని ఉండదా చెప్పండి? నాకుంది. సెలవొస్తే కెమెరా, ముక్కాలి పీటలాంటి స్టాండూ వీపుకి తగిలించుకుని దొండుమెట్ట ఎక్కేస్తాను. మా మండలంలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ అది. దానిమీద ముప్ఫయ్యొక్క ఇళ్ళు. ఇప్పటికీ కరెంటు లేదు. రాత్రయితే అక్కడి ఆకాశం చూడాలి, అయ్యబాబోయ్! ఉత్తరం వైపు కెమెరా బిగించి, కన్ను మూయనివ్వకుండా రెండు గంటలు అలా వదిలేస్తే, ధ్రువ నక్షత్రం ఒక్కటీ కదలకుండా కూర్చుంటుంది, మిగతా చుక్కలన్నీ దాని చుట్టూ గీతలు గీసుకుంటూ తిరుగుతాయి. పళ్ళేలు పేర్చినట్టు వలయాలు. చలికి దవడలు కొట్టుకుంటాయి గానీ, ఆ ఫోటో తెర మీద తేలినప్పుడు నాకు పట్టే ఆనందం ఉద్యోగం వచ్చిన రోజున కూడా పట్టలేదు.

అలాంటి ఫోటో ఒకటి తీసి, బుద్ధి గడ్డి తిని, ఫోన్లో నలుగురికీ పంపాను. నలుగురూ నలభైమందికి పంపారు. తిరిగి తిరిగి అది రాష్ట్ర నక్షత్ర దర్శన ప్రోత్సాహక సంస్థకి చేరింది. అలాంటి సంస్థ ఒకటుందని అప్పటిదాకా నాకు తెలీదు. తీరా చూస్తే ఆ సంస్థకి కూడా ఏం చెయ్యాలో అప్పటిదాకా తెలీదట.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. “దొండుమెట్ట శిఖర ప్రాంతమును రక్షిత చీకటి మండలముగా ప్రకటించడమైనది. ఇకపై సదరు ప్రాంతమున విద్యుద్దీపములు నిషిద్ధము. నిర్మాణములో ఉన్న విద్యుత్ పనులు తక్షణమే నిలుపుదల చేయవలెను.”

చదివి నేను మొదట ఎగిరి గంతేశాను. నా ఫోటోకి ఎంత గౌరవం! తర్వాత రెండో వాక్యం మళ్ళీ చదివాను. గంతు కాళ్ళలోనే ఆగిపోయింది.

మర్నాడే వంతాల బుద్రి కొండ దిగి వచ్చింది. దొండుమెట్ట వార్డు మెంబరు. నలభై దాటిన మనిషి. కరెంటు కోసం పన్నెండేళ్ళుగా ఆవిడ పెట్టిన అర్జీలన్నీ నేను స్కాన్ చేసినవే. ఎట్టకేలకి ఆ ఏడాదే మెట్ట అంచుదాకా స్తంభాలు పాతారు. తీగ లాగడం ఒక్కటే మిగిలింది. వాళ్ళ మహిళా సంఘానికి ఇచ్చిన పిండి మర మూడేళ్ళుగా ఆవిడింట్లో అట్టపెట్టె విప్పకుండా ఉంది. ఆడవాళ్ళు ఇప్పటికీ చోడులు, అంటే రాగులు, తిరగలి మీదే విసురుకుంటున్నారు.

వచ్చి నా బల్ల ముందు నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“ఏటి బాబూ, నువ్వు కొండెక్కినప్పుడల్లా అంబలి పోసినాం గదా. మా మీదేటి కోపం నీకు?”

“నేనేం చేశానమ్మా?”

“నువ్వు తీసిన ఫోటో సూసే గదా మా కరెంటు ఆపీసినారు. సీకటి బాగుందంట. పట్నంలో కూకుని అలగే అనిపిస్తది. రాత్రి పిల్లకి కాల్లో ముల్లు దిగితే తియ్యడానికి పొద్దుపొడిచే దాకా కూకుంటే అప్పుడు తెలస్తది.”

సిగ్గుతో చచ్చిపోయాను. నేను ముచ్చటపడి తీసిన చీకట్లో ముప్ఫయ్యొక్క కుటుంబాలు బతుకుతున్నాయని నాకు తెలీక కాదు. తెలిసీ చుక్కల వైపే కెమెరా పెట్టాను. “ఏదోటి చేస్తానమ్మా” అన్నాను. డిజిటల్ అసిస్టెంటు ఏం చేస్తాడని ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈలోగా సంస్థవారికి ఉత్సాహం తన్నుకొచ్చింది. డిసెంబరు రెండో వారంలో మిథున రాశి నుంచి ఉల్కలు రాలతాయి. దానికి దొండుమెట్ట మీద ‘ఉల్కోత్సవం’ చేద్దామన్నారు. సంస్థ సంచాలకులు తాడేపూడి విశ్వేశ్వరప్రసాద్ గారు మాతో వీడియోలో సమావేశం పెట్టారు. తెర మీద ఆయన, ఆయన శాలువా, ఆయన వెనక ఒక భూగోళం బొమ్మ.

“గంటకు నూట ఇరవై ఉల్కలు రాలగలవని శాస్త్రజ్ఞులు తెలిపియున్నారు. కావున నూట ఇరవైని లక్ష్యముగా నిర్ణయించడమైనది. లోటు ఏర్పడినచో క్షేత్రస్థాయి సిబ్బందిదే పూర్తి బాధ్యత.”

“అయ్యా, మబ్బు పట్టిందనుకోండి?” అన్నాను.

“మబ్బు వేరే శాఖ పరిధిలోనిది. దానిని సాకుగా చూపరాదు. ప్రతి ఉల్కకూ యథావిధిగా మూడు ఛాయాచిత్రములు నిరూపణలో నమోదు చేయవలెను. రాలుటకు ముందు, రాలుచుండగా, రాలిన పిదప.”

“రాలకముందు అది ఎక్కడుందో తెలీదు కదండీ?”

ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డారు. “అందుకే ముందస్తు ప్రణాళిక అనునది ఒకటి ఉన్నది. నూట ఇరవై ఉల్కలకూ ముందుగానే గుర్తింపు సంఖ్యలు కేటాయించండి. లబ్ధిదారుడు ఆ సంఖ్య గల పలకను పట్టుకుని నిలబడవలెను. సంఖ్య లేని ఉల్క రాలినచో దానిని పరిగణనలోకి తీసుకొనరాదు.”

“చుక్కల గీతల ఫోటోలు కూడా తీయమంటారా?” అని నోరు జారాను.

“తప్పక తీయండి. నిన్న మీ చిత్రమునే నమూనాగా యాప్‌లో పరీక్షించితిమి. ‘ఫోటో కదిలింది, చేయి స్థిరముగా ఉంచండి’ అని తిరస్కరించినది. కావున ఈ పర్యాయము నక్షత్రములు కదలకుండా జాగ్రత్త వహించండి.”

చిత్తం అన్నాను. ఇంకేమంటాను? భూమి తిరగడం ఆపమని ఎవరికి అర్జీ పెట్టాలో నాకు తెలీదు.

ఉత్సవానికి ఎనిమిది రోజుల ముందు నమూనా ఫోటోలు తీద్దామని మెట్ట ఎక్కాను. లబ్ధిదారుగా బుద్రిని నిలబెట్టి, ‘ఉల్క 001’ అని రాసిన పలక చేతికిచ్చి, పక్కన నేను నిలబడి, ఫోను నిలబెట్టి నొక్కాను. కటిక చీకటి. ఫ్లాష్ వేద్దామంటే ఉత్తర్వు ప్రకారం అదీ నిషిద్ధమే. ఫోను గట్టిగా, ఆడగొంతుతో పలికింది:

“ముఖం కనిపించలేదు. దయచేసి వెలుతురులోకి రండి.”

ఇటు జరిగి తీశాను. “ముఖం కనిపించలేదు. దయచేసి వెలుతురులోకి రండి.” బండ మీదకెక్కి తీశాను. అదే మాట. నాలుగోసారికి నా మొహం నాకే లేదేమోనని అనుమానం వచ్చి తడుముకున్నాను.

బుద్రి పలక పట్టుకుని ఆలోచిస్తూ నిలబడింది. “బాబూ, ఇది గవర్నమెంటుదేనా?” అని ఫోను చూపించింది.

“ఆ, గవర్నమెంటుదే.”

“గవర్నమెంటే ఎలుతురు అడుగుతందా?”

“అడుగుతోంది.”

“మేం పన్నెండేళ్ళ బట్టి అడిగితే ఇన్నోడు లేడు. అది అడిగితే ఇంటారేటో సూడు. దాన్నే అడగమను.”

ఒట్టు, ఇరవయ్యేళ్ళు చదివి ఉద్యోగం చేస్తున్నవాడికి తట్టలేదు. ఆవిడకి పలక పట్టుకున్న రెండు నిమిషాల్లో తట్టింది. ఆ రాత్రే అక్కడే కూర్చుని, యాప్ అన్న ముక్కనే ముప్ఫయ్యొక్క ఇళ్ళ ముందూ ముప్ఫయ్యొక్కసార్లు అనిపించి, అన్నీ తెర మీద ఉన్నది ఉన్నట్టు పట్టుకుని, కింద నివేదిక రాశాను. “నిరూపణ యాప్ వారు దొండుమెట్ట యందు ప్రతి గృహము వద్ద వెలుతురు కోరుచున్నారు. లేనియెడల లక్ష్యసాధన శూన్యముగా నమోదగును. తగు ఆదేశములకై సమర్పించడమైనది.”

మర్నాడు అత్యవసర సమావేశం పెట్టారు. ఒక పక్క చీకటి ఉత్తర్వు. ఇంకో పక్క యాప్. ఏది పెద్దది? విశ్వేశ్వరప్రసాద్ గారు చాలాసేపు భూగోళాన్ని తిప్పారు.

“ఉత్తర్వును సడలించవచ్చును. ఉత్తర్వు మనదే. యాప్ మన చేతిలో లేదు. దానిని తయారుచేసినవారు ఫోను ఎత్తుట లేదు. కావున” అని ఆగి, గొంతు సవరించుకుని, “రక్షిత చీకటి ప్రాంతములోని చీకటిని తగు రీతిలో నమోదు చేయు నిమిత్తము, సదరు ప్రాంతమునకు తాత్కాలిక విద్యుదీకరణ చేయవలెను. లబ్ధిదారుల ముఖములు అగుపడుటకై ఇంటింటికీ ఒక ముఖదర్శన దీపము అమర్చవలెను” అన్నారు.

నేను బల్ల కింద నా తొడ గిల్లుకున్నాను. నవ్వితే ఉద్యోగం పోతుంది.

నాలుగంటే నాలుగు రోజులు! పన్నెండేళ్ళు కదలని తీగ నాలుగు రోజుల్లో కొండెక్కింది. కరెంటు ఏఈ జామి ఎర్నాయుడు గారైతే పని చేస్తూనే నన్ను పక్కకి లాగి, “ఏటయ్యా అప్పడూ, చీకటి కోసం లైట్లు వేస్తన్నామా? నాకు సరిగ్గానే అర్థమయ్యిందా?” అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అవునన్నాను. ఆయన తల గోక్కుని ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించేశారు.

స్విచ్చి వేసిన సాయంత్రం దొండుమెట్ట మీద ఒకటే కేకలు, ఈలలు. బుద్రి ఇంట్లో పిండి మర అట్టపెట్టె విప్పారు. అది మొదట గుర్రుమంది, తర్వాత దడదడలాడింది, తర్వాత చోడిపిండి కక్కింది. ఆడవాళ్ళు పిండి చేతుల్లోకి తీసుకుని ఒకళ్ళ మొహాలకి ఒకళ్ళు పూసుకున్నారు. నాకూ పూశారు. అదే మొహంతో ఫోటో దిగితే యాప్ గుర్తుపట్టలేదు.

ఇక ఉత్సవం రాత్రి. కొండ మీద చదును చేసిన చోట నాలుగు మూలలా ఫ్లడ్ లైట్లు. బుర్ర మీద పడి పేలిపోయేంత వెలుగు. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. ఆకాశమే లేదు, తెల్లటి పొగలాంటిది ఉంది. దాని కింద విశ్వేశ్వరప్రసాద్ గారు శాలువాతో వేంచేసి, “ఆహా, ఏమి చీకటి!” అన్నారు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునే అన్నారు.

తొమ్మిదింటికి లక్ష్యసాధన మొదలైంది. ఉల్క 001. రాలుటకు ముందు: సంచాలకులు వేలెత్తి ఆకాశం చూపిస్తున్నారు, పక్కన బుద్రి పలకతో. రాలుచుండగా: సంచాలకులు వేలెత్తి ఆకాశం చూపిస్తున్నారు. రాలిన పిదప: సంచాలకులు అదే వేలు ఎత్తి, ఈసారి సంతృప్తిగా నవ్వుతున్నారు. మూడూ గబగబా ఎక్కిపోయాయి. “మీ పని విజయవంతం. అభినందనలు” అంది యాప్.

ఉల్క 002. ఉల్క 003. నలభయ్యో ఉల్కకి ఆయన మెడ పట్టేసింది. అరవయ్యో దానికి చెయ్యి దిగనంది. బలవంతాన దించితే మళ్ళీ లేవదని, ఆసరాగా ఎర్నాయుడు గారి లైన్‌మన్ ఒకాయన వెనకనుంచి మోచెయ్యి పట్టుకున్నాడు. సంచాలకులు ఆ భంగిమలోనే ఉప్మా తిన్నారు. ఎవరో తినిపించారు లెండి.

ఉల్క 087 దగ్గర అసలు సంగతి జరిగింది. రాలుచుండగా ఫోటో తీస్తున్నాను. వాళ్ళందరూ నా వైపు తిరిగి నిలబడ్డారు. వాళ్ళ వెనక, ఆకాశంలో, ఒక నిప్పుముద్ద పుట్టింది. ఆకుపచ్చగా, నారింజగా, అంత ఫ్లడ్ లైట్ల వెలుగునీ తన్ని పారేస్తూ, ఆ కొస నుంచి ఈ కొసకి గీత గీసుకుంటూ దూకి, మధ్యలో రెండు ముక్కలై పగిలి, ఆరిపోయింది. మా అందరి నీడలూ ఒక్క క్షణం అటునుంచి ఇటు తిరిగాయి. నా జన్మలో అలాంటిది చూళ్ళేదు. నా వేలు దానంతటదే నొక్కేసింది. ఫోటో పడింది! అద్భుతంగా పడింది!

ఫోను పలికింది: “వెనుకభాగంలో అనవసరమైన వెలుగు ఉంది. తిరస్కరించబడినది. మళ్ళీ తీయండి.”

“ఏమైనది?” అన్నారు సంచాలకులు, వెనక్కి తిరగలేక.

“ఉల్క అడ్డొచ్చిందండీ.”

“అయ్యయ్యో. పక్కకు తప్పుకోమని చెప్పి మళ్ళీ తీయండి.”

మళ్ళీ తీశాను. ఈసారి ఏ ఉల్కా అడ్డు రాలేదు, వెంటనే ఎక్కింది. అప్పటికప్పుడు ఇంకో ఆరు సంఖ్యలు కేటాయించి, తెల్లవారేసరికి లక్ష్యం నూట ఇరవై, సాధించినది నూట ఇరవై ఆరు చేశాం. రాష్ట్రంలోనే ప్రథమం అని ప్రకటించారు. సంచాలకుల్ని అలాగే వేలెత్తి ఉండగానే జీపెక్కించాం. కిటికీలోంచి ఆ వేలు చాలాదూరం కనబడింది.

నవ్వుకుంటూ కూర్చున్నాను గానీ, ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. మరో ఉత్తర్వు. “ఉత్సవము ముగిసినందున తాత్కాలిక విద్యుదీకరణను తొలగించి, రక్షిత చీకటిని పునరుద్ధరించవలెను. యథావిధిగా మూడు ఛాయాచిత్రములు జతచేయవలెను.”

బుద్రికి నేనే వెళ్ళి చెప్పాను. ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. ఆవిడ వాకిట్లో బల్బు కింద పిండి జల్లిస్తోంది. విని, జల్లెడ పక్కన పెట్టి, “ఇయ్యకపోతే ఇయ్యకపోనారు. ఇచ్చి లాక్కోడమేటి బాబూ?” అంది.

ఎర్నాయుడు గారు దిగులు మొహంతోనే లైన్‌మన్‌ని తీసుకుని వచ్చారు. పగలు వస్తే యాప్ ఒప్పుకోదు. పగలు ఏ దీపమూ వెలగదు కాబట్టి తొలగించినట్టు రుజువు కాదట. రాత్రి సమయమే పడాలి. ఊరంతా వాకిళ్ళలో నిలబడి చూస్తోంది.

తొలగింపునకు ముందు ఫోటో: దీపాల వెలుగులో ఎర్నాయుడు గారు, బుద్రి. ఎక్కింది. తొలగింపు జరుగుతుండగా: లైన్‌మన్ స్తంభం మీద. ఎక్కింది. తర్వాత మెయిన్ దించారు. ముప్ఫయ్యొక్క దీపాలూ ఒక్కసారి ఆరిపోయాయి. ఎక్కడో ఒక పసిది ఏడుపు మొదలెట్టింది. మూడో ఫోటో నొక్కాను.

“ముఖం కనిపించలేదు. దయచేసి వెలుతురులోకి రండి.”

ఎర్నాయుడు గారు టార్చి వేసుకున్నారు. “దీపం వెలుగుతోంది. తొలగింపు నిరూపణ కాలేదు.” టార్చి ఆర్పారు. “ముఖం కనిపించలేదు.” అగ్గిపుల్ల గీశారు. “దీపం వెలుగుతోంది.” పోనీ ఫోను ఫ్లాష్? “దీపం వెలుగుతోంది.” ఆయన చీకట్లో పళ్ళికిలించి చూశారు, పళ్ళైనా కనబడతాయేమోనని. కనబడలేదు.

“పున్నమికి వస్తాను” అని మెయిన్ ఎత్తించేసి వెళ్ళారు. దీపాలు వెలిగాయి. పున్నమికి వచ్చారు, మెయిన్ దించారు. “వ్యక్తి స్పష్టంగా లేరు” అంది యాప్. మళ్ళీ ఎత్తించారు. అలా నాలుగుసార్లు. నాలుగోసారి నా భుజం మీద చెయ్యేసి, “అప్పడూ, కాగితం మీద దీని సంగతి ఏటని రాయాలి?” అన్నారు. ఆ గొంతులో దిగులు లేదు. ఎప్పట్నుంచి లేదో నేను గమనించనేలేదు.

“మూడో ఫోటో లేనంతవరకు పని పూర్తయినట్టు కాదు కదండీ. జరుగుతూ ఉన్నట్టు.”

“జరుగుతున్నంతవరకు?”

“ఉన్నది ఉన్నట్టు ఉంచాలని రూలు.”

నివేదిక వెళ్ళింది. విశ్వేశ్వరప్రసాద్ గారి జవాబు కూడా వచ్చింది: “దొండుమెట్ట విద్యుత్ తొలగింపు పనులు నిరాటంకముగా పురోగతిలో ఉన్నందులకు హర్షము వ్యక్తము చేయడమైనది.” ఆ పురోగతి ఇవాళ్టికీ ఆగలేదు. దాని పుణ్యమా అని దొండుమెట్టలో కరెంటు కూడా ఆగలేదు.

ఏడాది తిరిగింది. సంస్థవారికి ఇప్పుడు పొగమంచు మీద మోజు పడింది. ఉల్కల ఊసు లేదు. డిసెంబరు రెండో వారంలో నేనొక్కణ్ణే కెమెరాతో మెట్ట ఎక్కాను. ఊరి వెలుగు పడుతుందని తెలుసు. పడనీ, వచ్చిన కాడికి వస్తుంది. దీపాలు ఆర్పమని అడిగే మొహం నాకు లేదు.

స్టాండు బిగిస్తుంటే బుద్రి అంబలి గిన్నెతో వచ్చింది. “ఎన్నింటికి రాలతాయి బాబూ?”

“పదకొండు దాటాక జోరందుకుంటాయి.”

ఆవిడ ఊరివైపు తిరిగి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఒక్క కేక వేసింది. ఒక దీపం ఆరింది. దాని పక్కది ఆరింది. అలా వరసగా ఆరుతూ ఊరంతా చీకటైపోయింది. “వద్దమ్మా, నా కోసం వద్దు” అన్నాను.

“నీ కోసమని ఎవలన్నారు? మేమూ సూడొద్దా? కిందటేడు ఆ బాబు వేలు తప్ప ఏటీ కనబడ్నేదు.”

జనం దుప్పట్లు కప్పుకుని బండల మీదకి వచ్చారు. రాలడం మొదలైంది. ఒకటి రాలితే “ఓయ్!” అని ఊరంతా ఒక్క గొంతుతో అరుపు. రెండు ఒకేసారి రాలితే కొట్లాట, ఎవరు చూసింది పెద్దదని. నేను కెమెరా తెరిచి వదిలేశాను. గంట గడిచింది. గంటన్నర. నా బతుకులోకెల్లా గొప్ప ఫోటో అవుతోందని నాకు తెలుస్తోంది. ఇంకొక్క పావుగంట.

టక్కుమని ఒక ఇంట్లో బల్బు వెలిగింది. నేరుగా కెమెరా కంట్లోకి.

“ఎవలే అది! ఆర్పు, ఆర్పు!” ఊరంతా అరిచింది. వాకిట్లోకి బుద్రి అత్తగారు వచ్చి నిలబడింది. ఎనభై ఏళ్ళుంటాయి. వెనక నుంచి వెలుగు పడి, జుట్టంతా మెరుస్తోంది.

“సుట్ట కనబడ్నేదు, ఎతుక్కుంతన్నాను” అంది.

“ఫోటో పాడైపోద్దే ముసలీ, ఆర్పీ!”

“ఆర్పను. నా లైటు నా ఇష్టం” అని లోపలికి పోయి, తీరిగ్గా చుట్ట వెతుక్కుని, ముట్టించుకుని, అప్పుడు ఆర్పింది.

ఊరంతా పగలబడి నవ్వింది. నాకూ కడుపు పట్టుకున్నా నవ్వు ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఫోటో తర్వాత చూసుకున్నాను. పైన చుక్కల గీతలు, మధ్యమధ్య ఉల్కలు, కింద సగానికి సగం పచ్చటి వెలుగు అలికేసి ఉంది. దాన్ని కత్తిరించేస్తే బహుమతి వస్తుందని స్నేహితులన్నారు. నేను కత్తిరించలేదు.